పచ్చకర్పూరం మానేసిన పూజారి

శుక్రవారం ఉదయం దీపం వెలిగించి, అమ్మవారి పటానికి పూలు సర్దుతూ ఉండగా మా పెద్దనాయన కొడుకు మంజన్న ఫోను చేశాడు. "అమ్మణ్ణీ, నాయన పోయినాడు" అన్నాడు. ముందునాటి సాయంత్రమే నేను యలహంక నుంచి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చాను. మూత్రపిండాలు రెండూ పనిచేయడం లేదని, ఇక ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పే ఉన్నారు. అయినా చేతిలో ఉన్న కనకాంబరాల మాలను ఏం చేయాలో తోచక, పటం ముందు చాలాసేపు అట్లాగే నిలబడిపోయాను. నాకు అక్షరం నేర్పిన చేయి ఇక లేదు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

మైసూరు రోడ్డు పక్కన, వృషభావతీ నది ఒడ్డున ఉన్న గంగమ్మ గుడికి వంశపారంపర్యంగా అర్చకత్వం చేసిన పూజారి నారాయణప్ప గారు నాకు పెద్దనాయన, మా నాన్నకు సొంత అన్న. ఆ గుడికి వచ్చేవాళ్ళలో ఆయన్ను ఎరగనివారు లేరు. ఎరగనివారికి ఒక్క మాటలో చెప్పాలంటే, బావి నీళ్ళలో విషం ఉందని తెలిసిన రోజు నుంచి తీర్థం ఇవ్వడం మానేసిన పూజారి ఆయనే. అందుకే ఆ పదవి పోగొట్టుకున్నవారూ ఆయనే.

సంస్మరణ వ్యాసంలో శోకం ఉండాలి, భక్తి ఉండాలి. రెండూ నాలో ఉన్నాయి. కానీ ఇది రాస్తున్న నా చేతిని కదిలిస్తున్నది మాత్రం రోత. నిన్న గుడి ముందు ఒక ఫ్లెక్సీ కట్టారు. పెద్దనాయన ఫోటో పెద్దదిగా వేసి, చుట్టూ కమిటీ సభ్యుల ఫోటోలు చిన్నవిగా వేసి, ఆయన పదకొండో రోజున "స్వర్గీయ అర్చకుల స్మృత్యర్థం విశేష తీర్థ వినియోగం" అని అచ్చు వేయించారు. ఏ నీళ్ళను భక్తుల నోట పోయనని ఆయన జీవనోపాధిని వదులుకున్నారో, ఆ బావి నీళ్ళనే ఆయన పేరు మీద పంచబోతున్నారు. అందుకని, ఆలోగా ఈ నాలుగు మాటలూ మీ చేతికి అందాలని తొందరపడి రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. నెలలో సగం రోజులు దిండుకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, చేతిలో ఏ అక్షరమూ లేదు. పెద్దనాయన పొద్దుటి పూజ ముగించుకుని, తడి పంచెతోనే మా ఇంటికి వచ్చి, పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించేవారు. అందరు పిల్లల్లాగా "అ"తో మొదలుపెట్టలేదు. మొదట "గంగ" అని రాయించారు. "రెండక్షరాలు, రెండింటికీ మొదలు ఒకటే. ఒకటి నేర్చుకుంటే రెండోది ఊరికే వస్తాది" అని నవ్వారు. ఆ బియ్యాన్ని వృథా పోనిచ్చేవారు కాదు. నా వేలు దిద్దిన బియ్యంతోనే ఆ పూట అన్నం వండమని పెద్దమ్మకు ఇచ్చేవారు. "పిల్ల చదివిన బియ్యం, అరుగుతాది" అనేవారు. ఈనాడు నేను స్తోత్రం చదువుతున్నా, ఈ పత్రికకు నాలుగు వాక్యాలు రాస్తున్నా, ఆ పళ్ళెం పెట్టిన భిక్షే. ఆ రుణం తీర్చే శక్తి నాకు లేదు, తీర్చాలని కూడా లేదు. అది ఉన్నంతవరకే నేను ఆయన శిష్యురాలిని.

వృషభావతి బసవన్న పాదాల దగ్గర పుట్టిందని మా ఇంట్లో పిల్లలకు చెప్పే మొదటి కథ. ఆ కథ విన్న పిల్ల ఎవరైనా మరునాడు నది చూస్తానని మారాం చేస్తే, పెద్దలు ఏదో ఒక మాట చెప్పి తప్పించేవారు. చూపించడానికి అక్కడ ఏముంది గనక? మా వీధిలో దాన్ని నది అనేవారే లేరు. మోరీ, అంటే మురుగుకాలువ, అనేవారు. నల్లటి నీళ్ళు ఒక రోజు, తుప్పు రంగు నీళ్ళు ఒక రోజు. కొన్ని పొద్దుల్లో పచ్చగా పారేది, ఆకుపచ్చ కాదు, మానని పుండు మీద కనిపించే పచ్చ. వాన పడితే నురుగు లేచి, గాలికి ఎగిరి వచ్చి, ఆరేసిన బట్టల మీద కూర్చునేది. బెళ్ళందూరు చెరువు నురుగును టీవీలో చూసి ఊరంతా ముక్కు మీద వేలు వేసుకుంది. మాది టీవీకి ఎక్కని నురుగు. ఆ నది పక్కన పుట్టి, ఆ గాలి పీల్చి, అన్నంలోకీ ఆ వాసనే కలుపుకుని పెరిగాము.

మా వీధి ఇళ్ళలో వెండి కుందులు, వెండి గిన్నెలు తోమిన వారానికే నల్లబడేవి. ఇంటికి దిష్టి తగిలిందని మావాళ్ళ నిశ్చయం. అమావాస్యకు ప్రతి గుమ్మంలోనూ బూడిద గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. పగిలిన ముక్కలను కుంకుమతో సహా తీసుకెళ్ళి ఆ నదిలోనే పారేసేవాళ్ళు. ఒకసారి పక్కింటి రత్నమ్మక్క దిష్టి తీయించాలని పెద్దనాయన దగ్గరికి వచ్చి, నల్లబడిన కుందిని చూపించింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "దిష్టి కాదమ్మా రత్నమ్మా, ఇది మోరీ గాలి. మన ముక్కులు ఎప్పుడో చచ్చిపోయినాయి. వెండి ఇంకా బతికుండాది" అన్నారు. రత్నమ్మక్క నవ్వలేదు. "అయితే గుమ్మడికాయ వద్దా సామీ?" అంది. "కూర చేసుకోమ్మా" అన్నారాయన.

తన తాత అభిషేకానికి నదిలో మునిగి, తడిబట్టతో బిందె తెచ్చేవాడని పెద్దనాయన చెప్పేవారు. తండ్రి కాలానికి నది దగ్గరికి పోలేక గుడి ఆవరణలోని బావికి జరిగారు. ఆ బావి నదికి పట్టుమని పది బారల దూరం కూడా లేదు. నది నీళ్ళే మట్టిలో వడిసి బావిలోకి దిగేవి. అది అమ్మవారు స్వయంగా వెలిసిన తీర్థమని, ఒక్క చుక్క నోట పడితే రోగం పోతుందని ప్రసిద్ధి. బ్రూక్‌ఫీల్డ్ నుంచి కారులో వచ్చే ఒక అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సీసా తెచ్చుకుని మరీ పట్టుకెళ్ళేది. "స్వామీ, ఈ స్మెల్ ఎంత డివైన్‌గా ఉందో! మా టీమ్‌లో అందరికీ ఇస్తాను" అనేది.

ఆ పరిమళం సంగతి చెప్పాలి. తీర్థంలో పచ్చకర్పూరం, తులసి వేయడం అన్ని గుళ్ళలోనూ ఉన్న ఆచారమే. రాగి చెంబులో ఉంచితే నీరు శుద్ధి అవుతుందని నమ్మకం. బావి నీళ్ళు కొద్దిగా వాసన వేయడం మొదలుపెట్టిన కాలంలో, పెద్దనాయన తండ్రి చిటికెడు ఎక్కువ కర్పూరం వేయడం మొదలుపెట్టారట. పెద్దనాయన కాలానికి అది రెండు చిటికెలైంది, తర్వాత అరచెంచా అయింది. వాసన పెరిగినకొద్దీ కర్పూరం పెరిగింది. కర్పూరం పెరిగినకొద్దీ గుడికి పేరు పెరిగింది. ఎవరూ మోసం చేయాలని చేయలేదు. అమ్మ తీర్థం సువాసనతో ఉండాలని భక్తితోనే చేశారు. భక్తి తన చేత్తో తానే తన ముక్కు మూసుకున్న వైనం ఇది. నా బాల్యమంతా పీల్చిన ఆ దివ్యపరిమళం, కుళ్ళు మీద కప్పిన పట్టుశాలువా.

ఆయన కళ్ళు తెరిపించింది ఒక పసిబిడ్డ. అన్నప్రాశనకు తెచ్చిన బిడ్డ నాలుక మీద పెద్దనాయన ఒక చుక్క తీర్థం వేశారు. ఆ పూట కర్పూరం అయిపోయి, కొట్టు ఇంకా తెరవక, వట్టి నీళ్ళే చెంబులో ఉన్నాయి. బిడ్డ మొహమంతా ముడుచుకుని, నాలుక బయటపెట్టి, ఉమ్మేసి, ఏడుపు అందుకుంది. అందరూ నవ్వారు. "అమ్మ మహిమ సామీ, నాలిక మీదకి వచ్చింది" అన్నాడు తాత ఒకాయన. పెద్దనాయన నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక, చెంబు ఎత్తి, తానే ఒక గుక్క తాగి, నోట్లో ఉంచుకుని, కళ్ళు మూసుకున్నారు. నేను మెట్ల మీద పూలు కడుతున్నాను. ఆయన ఆ గుక్క మింగలేదు, ఉమ్మనూ లేదు. అమ్మవారి ఎదుట ఉమ్మడం ఎట్లా? చివరికి మింగారు. మింగి నా వైపు తిరిగి, "తుప్పు పట్టిన మేకు చప్పరించినట్ల ఉండాది తల్లీ. ఇన్నేండ్లు నేను ఇది పోస్తిని" అన్నారు.

శారద గారని ఒక లెక్చరరు, ప్రతి శుక్రవారమూ గుడికి వచ్చేవారు. కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతారు. పెద్దనాయన అభిషేక కలశంలోనే బావి నీళ్ళు పట్టి ఆవిడకు ఇచ్చారు. ఆవిడ పరీక్ష చేయించి, మళ్ళీ ఒక శుక్రవారం వచ్చి, మెట్ల మీద మా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. సీసం ఉంది. క్రోమియం ఉంది. నికెల్ ఉంది. తాగే నీళ్ళలో ఉండకూడనంత ఉంది. నది పొడుగునా లోహాలకు మెరుగు పెట్టే షెడ్లు ఉన్నాయి, పూత పూసి కడిగిన నీళ్ళన్నీ మోరీలోకి వదులుతారు, అదే మట్టిలో దిగుతుంది అన్నారు.

"కాచి ఇస్తే?" అని పెద్దనాయన అడిగారు.

"కాస్తే పురుగులు చస్తాయి సామీ. లోహం చావదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది."

"రాగి చెంబులో పెడితే?"

శారద గారు జవాబు చెప్పడానికి తడబడ్డారు. నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదని మాకు అర్థమైంది. ఆ మంచితనానికి ఆమెకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. పెద్దనాయనే ఆమెను ఆదుకున్నారు. "సరేలేమ్మా. చెంబు కూడా అమాయకురాలే, మన లాగా" అన్నారు.

ఆ శుక్రవారం హారతి అయ్యాక జనం ఎప్పటిలాగే వరసలో నిలబడి, కుడి అరచేయి గుంటగా పట్టి చాచారు. పెద్దనాయన చేతిలో చెంబు లేదు. గర్భగుడి గడప మీద నిలబడి, "ఈపొద్దు తీర్థం లేదు. చేతులు జోడించండమ్మా, చాలు" అన్నారు. జనానికి అర్థం కాలేదు. చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి.

"ఏమప్పా, అయిపోయిందా?" అన్నారెవరో.

"అయిపోలేదు. బావి నిండా ఉండాది. అమ్మకు ఆరోగ్యం బాగలేదు. జబ్బుపడిన తల్లి దగ్గర పాలు తాగుతారా ఎవురైనా? ముందు ఆమెను బాగు చేద్దాము. అంతవరకూ నేను ఇయ్యను" అని, నీళ్ళలో ఏముందో, అది ఎక్కడి నుంచి వస్తోందో ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

చెంబులో ముందే పట్టి ఉంచిన నీళ్ళను ఎక్కడ పారబోయాలో ఆయనకు తెలియలేదు. తులసికోటలో పోయబోయి ఆగిపోయారు. నేల మీద పోయబోయి ఆగిపోయారు. భూమి మీద పోయడానికి కూడా పనికిరాని నీటిని దేవుడి పేరుతో మనుషుల నోట్లో పోశాము! చివరికి ఆ నీళ్ళను తిరిగి బావిలోనే వంచి, మంజన్న చేత రేకు మూత వేయించారు.

సాయంత్రానికి కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. పేరు చెప్పను, అవసరం లేదు. మెరుగు పెట్టే షెడ్లలో పెద్దది ఆయనదే. అమ్మవారి ఇత్తడి కవచానికి సొంత ఖర్చుతో బంగారు మెరుగు పెట్టించిన దాత కూడా ఆయనే. ఒంటి నిండా విభూతి. మాట తీపి.

"ఏమప్పా నారాయణప్పా, గుడికి పేరే తీర్థంతో. దాన్ని నిలిపేస్తే ఎట్ల? సరే, నీకు అనుమానముంటే ఇంటి కాడ నుంచి కొళాయి నీళ్ళు తెచ్చి ఇయ్యి. బావివే అని చెప్పు. ఎవురికి తెలుస్తాది?"

"అమ్మకు తెలుస్తాది. ఆమెకు అన్నీ తెలుసు, అయినా ఊరకుండాది. నాకు ఊరకుండే అంత పెద్ద మనసు లేదప్పా."

"అమ్మ కవచానికి మెరుగు పెట్టించినవాణ్ణి నేను. నాకు లేని భక్తి నీకుండాదా?"

"మంచి కవచమే. నేను రోజూ తుడిచి పెడుతుండా. ఒక మాట చెప్పు. దానికి మెరుగు పెట్టినాక కడిగినావు గదా, ఆ నీళ్ళు యాడికి పోయినాయి?"

ప్రెసిడెంటు చిరునవ్వు నవ్వాడు.

"మెడకు మెరుగు పెట్టి, ఆ మెరుగు కడిగిన నీళ్ళు ఆమె గొంతులోనే పోస్తిరి" అన్నారు పెద్దనాయన. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచేవారు కాదు.

న్యాయానికి చెప్పాలంటే తప్పు ఆ ఒక్క మనిషిది కాదు. ఆ వరసలో షెడ్లు చాలా ఉన్నాయి. మా వీధి మరుగుదొడ్ల నీళ్ళూ అందులోకే పోతాయి, మేము కొట్టిన గుమ్మడికాయలూ అందులోకే పోయాయి. అయినా ఆ సాయంత్రం ఆ విభూతి ముఖం మీద కనిపించిన చిరునవ్వు నేను ఇప్పటికీ మరవలేదు. అతనికి కోపం రాలేదు, సిగ్గూ వేయలేదు. "నారాయణప్పకు వయసైపోయింది" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పెద్దనాయన పూజ మానలేదు, కర్పూరం మానేశారు. అభిషేకానికి ఇంటి కొళాయి నుంచి బిందెతో కావేరి నీళ్ళు భుజం మీద మోసుకెళ్ళేవారు. "అమ్మకు స్నానం చేయించేదానికి పక్కింటి నీళ్ళు అడుక్కుంటుండాము. అడుక్కునేదానికి సిగ్గు లేదు. కానీ పక్కింటి నీళ్ళకు అమ్మ పేరు పెట్టి ఇయ్యను" అనేవారు. తీర్థం అడిగినవాళ్ళందరికీ అదే జవాబు, చేతులు జోడించండి. ఎందుకని అడిగినవాళ్ళకు విసుగు లేకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. అదే ఆయన కొత్త పూజావిధానం అయింది. బ్రూక్‌ఫీల్డ్ అమ్మాయి విని, తెచ్చిన ఖాళీ సీసా చేతిలో పట్టుకుని ఏడ్చింది. మా టీమ్ అంతా తాగారు స్వామీ అంది. "నేనూ తాగినాను తల్లీ. ఏడుస్తే పోదు. పోయి వాళ్ళకు చెప్పు" అన్నారాయన.

సొప్పు మునెమ్మ సంగతి చెప్పకపోతే ఈ చిత్రం పూర్తి కాదు. సొప్పు అంటే కన్నడంలో ఆకుకూర. నదికి దిగువన ఆమెకు ఆకుకూరల మడులున్నాయి, నది నీళ్ళే పెట్టి పండిస్తుంది. ఏటా శ్రావణంలో అమ్మవారికి మొదటి కోత పాలకూర కట్టలు తెచ్చేది. ఆ ఏడు పెద్దనాయన గంప ముట్టుకోలేదు. మునెమ్మకు పౌరుషం వచ్చింది.

"ఏం సామీ, బీదదాని సొప్పు అమ్మకు పనికిరాదా?"

"మునెమ్మా, ఇది మీ ఇంట్లో వండుకుంటారా?"

"మేము తినము సామీ! మోరీ నీళ్ళ సొప్పు మేమెందుకు తింటాము? మా ఇంటికి వేరే మడి ఉండాది, బోరు నీళ్ళది. ఇది మార్కెట్టుకు."

"అమ్మకు ఏ మడిది తెచ్చినావు?"

మునెమ్మ గంప వైపు చూసింది, అమ్మవారి వైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఆమె దుర్మార్గురాలు కాదు, ఎన్నో ఏళ్ళుగా మా వీధి పిల్లలకు ఊరికే ఒక కట్ట కొసరు వేసే మనిషి. ఆ కొసరు కట్ట కూడా ఏ మడిదో నాకు ఆ క్షణంలో తట్టింది. ఊరంతా ఒకరికొకరు తాము తినని దానిని అమ్ముకుంటూ, తాము తాగని దానిని పంచుకుంటూ, చివరికి దేవుడికి కూడా మార్కెట్టు మడిదే తెచ్చే స్థితికి వచ్చాము. పెద్దనాయన మాత్రం ఆమెను ఒక్క మాట అనలేదు. "లేమ్మా. నేను ఇన్నేండ్లు పోసినాను, నువ్వు ఇన్నేండ్లు తెచ్చినావు. ఇద్దరమూ ఒకటే. రేపటి నుంచి వేరే చేద్దాము" అన్నారు. మరునాడు ఆమె బోరు మడి నుంచి చిన్న కట్ట తెచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని నైవేద్యంలోకి తీసుకున్నారు.

కమిటీ వేరే పూజారిని తెచ్చింది. బావి రేకు మూత తీశారు, కర్పూరం తిరిగి వచ్చింది. నాలుగు తరాల అర్చకత్వం ఒక మీటింగులో పోయింది. మంజన్న కోర్టుకు పోదామన్నాడు. పెద్దనాయన వద్దన్నారు. "అమ్మను చూసేదానికి ఉద్యోగం కావల్నా?" అన్నారు. మరుసటి శుక్రవారం నుంచి మామూలు చొక్కా వేసుకుని, భక్తుల వరసలో నిలబడ్డారు. కొత్త పూజారి ఉద్ధరిణితో తీర్థం పోయబోతే, ఈయన రెండు చేతులూ జోడించి ఉంచారు. జోడించిన చేతుల్లో నీళ్ళు నిలవవు. ఆ కుర్ర పూజారి ఉద్ధరిణి గాలిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియక, చెమటలు పట్టి పక్కవాళ్ళ దగ్గరికి జరిగాడు. ప్రతి శుక్రవారమూ అంతే. తగాదా లేదు, ఉపన్యాసం లేదు. మొదట ఆయన వెనక నేను, నా వెనక శారద గారు. తర్వాత మునెమ్మ చేరింది. కొందరు మమ్మల్ని చూసి చేతులు జోడించారు. ఎక్కువమంది మమ్మల్ని దాటి చేతులు చాచారు. వాళ్ళను తప్పుపట్టలేను. ఆ పరిమళం అంత గొప్పది.

ఆయనకు జబ్బు చేసినప్పుడు డాక్టరు, ఏ నీళ్ళు తాగేవారు అని అడిగారు. "పొద్దున తీర్థం, మధ్యాహ్నం తీర్థం, సాయంత్రం తీర్థం" అన్నారు పెద్దనాయన నవ్వుతూ. ఆ జబ్బు ఆ నీళ్ళ వల్లే వచ్చిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. నాకు తెలియదు. తెలియకపోవడం కూడా ఒక హింసే. చితాభస్మం నదిలో కలిపే మాట వస్తే మాత్రం ఆయన ఖండితంగా చెప్పేవారు: "నన్ను ఆమెలో కలపొద్దు. అందరూ తెచ్చి పారేసేది చాలదా, నేను కూడానా?"

చివరి సాయంత్రం చూడడానికి చుట్టాలు వచ్చారు. దూరపు వరసకు పిన్నమ్మ ఒకావిడ, ఆ మనిషి మంచిది, భక్తురాలు, ఒక వెండి గిన్నె కొంగు కింద దాచి తెచ్చింది. మూత తీయగానే గది నిండా పచ్చకర్పూరం వాసన. "బావా, అమ్మ తీర్థం. ఒక్క చుక్క నోట్లో వేసుకో, పుణ్యం" అంది. ఆ కడపటి ఘడియలో కాదనే ధైర్యం గదిలో ఎవరికీ లేదు, మంజన్నకు కూడా. కళ్ళు మూసుకుని ఉన్న పెద్దనాయనకు ఆ వాసన తగిలింది. పెదవులు బిగిశాయి. బిగించిన పెదవుల మీద ఆవిడ వేలితో చుక్క వేసింది, అది గడ్డం మీదుగా జారి దిండులోకి పోయింది. ఆయన అతికష్టం మీద రెండు అరచేతులనూ దుప్పటి పైకి తెచ్చి, ఒకదానికొకటి ఆనించారు. పిన్నమ్మ అది తనకు పెట్టిన దండమనుకుని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ బయటికి వెళ్ళాక ఆయన కళ్ళు తెరిచి, "అమ్మణ్ణీ, కొళాయి నీళ్ళు పొయ్యి" అన్నారు. నాకు వినిపించిన ఆయన ఆఖరి మాట అదే. వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి చెంచాతో పోశాను. మెల్లగా, రుచి చూస్తున్నట్టు, మింగారు. అంత దూరం నుంచి, పిలవకపోయినా, మా గొట్టాల్లోకి వచ్చిన ఆ కావేరమ్మకు నేను జన్మజన్మలకూ రుణపడి ఉంటాను.

ఆయన వంటి అర్చకుణ్ణి ఆ గుడి మళ్ళీ చూడదు. మంత్రం తెలిసినవారు వస్తారు, కంఠం ఉన్నవారు వస్తారు. దేవుడి పేరుతో ఇచ్చేది మంచిదో కాదో ముందు తన నాలుక మీద వేసి చూసుకునే పూజారి ఎక్కడి నుంచి వస్తాడు? నాకు అక్షరం ఇచ్చారు. ఉబ్బసంతో ఎగపోసిన రాత్రుల్లో నా వీపు నిమిరారు. ఇవ్వకుండా ఉండడం కూడా దానమేనని చూపించారు. ఆ మహానుభావుడికి నా దగ్గర ఉన్నవి కన్నీళ్ళూ, ఈ కాగితమూ మాత్రమే.

పదకొండో రోజున గుడికి రావద్దని నేను మిమ్మల్ని అడగడం లేదు. రండి. అమ్మవారిని కళ్ళారా చూడండి. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటోకు దండం పెట్టండి. హారతి అవుతుంది, కర్పూరపు వాసన వస్తుంది, చాలా బాగుంటుంది, నాకు తెలుసు. ఉద్ధరిణి మీ ముందుకు వస్తుంది. అప్పుడు మీ రెండు అరచేతులూ విడదీయకండి.